గొట్టంలో ఎండ

షామీర్‌పేట దగ్గర మా బడిలో కిటికీ లేని గది ఒకటుంది. అటూ ఇటూ వేరే క్లాసులు, వెనక మెట్లు. పట్టపగలు కూడా ట్యూబులైటు వెయ్యాల్సిందే. పరావర్తనం పాఠం మధ్యలో కరెంటు పోయింది. వెనక బెంచీ నుంచి ఒకడు అడిగాడు: “సార్, బోరు నీళ్ళు పైపుల వస్తున్నయి గదా, ఎండను గూడ అట్లనే తెచ్చుకోరాదా?”

క్లాసంతా నవ్వింది. కానీ వెలుతురును గొట్టాల్లో పంపుతానన్న మనిషికి 1881లోనే అమెరికా ప్రభుత్వం పేటెంటు ఇచ్చింది. ఆయన పేరు విలియం వీలర్, ఊరు మసాచుసెట్స్‌లోని కాంకర్డ్. ఆ రోజుల్లో బలమైన విద్యుత్ దీపం అంటే ఆర్క్ దీపమే. వీధికి బాగుంటుంది, ఇంట్లో పెడితే కళ్ళు పోతాయి. అంత వెలుగును గదికింత చొప్పున పంచడం ఎలా? ఇంజనీర్లను వేధించిన ప్రశ్న ఇదే. వీలర్ జవాబు: నేలమాళిగలో ఒకే ఆర్క్ దీపం పెట్టి, లోపల అద్దం పూత పూసిన గొట్టాలతో ఆ వెలుగును గదిగదికీ తీసుకెళ్దాం. అదే సమయంలో ఎడిసన్ జవాబు వేరు: వెలుగును కాదు, కరెంటును పంచుదాం, వెలుగు ఏ గదిలో కావాలో ఆ గదిలోనే పుట్టిద్దాం. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ పవర్ స్టేషన్ నడిచింది. వీలర్ గొట్టం కాగితం మీదే ఉండిపోయింది.

నాకు వీలర్ మీదే అభిమానం. ఆయన ఆలోచనలో లోపం లేదు, ఆ కాలపు అద్దంలో ఉంది. అద్దం తన మీద పడ్డ వెలుతురంతా తిరిగి ఇవ్వదు. నూటికి తొంభై అయిదు వెనక్కిచ్చిందనుకుందాం, మంచి అద్దమే అంటాం. ముఖం చూసుకోవడానికి అది చాలు, ఎందుకంటే అక్కడ వెలుగు ఒక్కసారే తగులుతుంది. గొట్టంలో అలా కాదు. ఈ గోడకు తగిలి ఆ గోడకు, మళ్ళీ ఈ గోడకు. చక్రవడ్డీ ఎదురు తిరిగినట్టు ప్రతి దెబ్బకూ మిగిలినదాంట్లోంచి కోత పడుతుంది. పది దెబ్బలకు మిగిలేది 60 శాతం, ఇరవైకి 36. వంటింట్లో వాడే అల్యూమినియం రేకు సుమారు 85 శాతం ఇస్తుంది. పది దెబ్బలయ్యేసరికి అయిదో వంతు, అంటే 20 శాతమే మిగులుతుంది. బట్టల షాపులో తాను చుట్టే అట్ట గొట్టానికి లోపల ఆ రేకు అంటించి ఎవరైనా చూడొచ్చు. పొట్టి గొట్టం జిగేలుమంటుంది, పొడుగుది గుడ్డి దీపమే.

అందుకే ఈ కథలో అసలు నాయకుడు గొట్టం కాదు, దాని లోపలి పూత. లోహపు అద్దం ఎంత మెరుగుపెట్టినా అందులోని ఎలక్ట్రాన్లు కొంత వెలుతురును మింగేసి వేడిగా మారుస్తాయి. అలాంటప్పుడు లోహమే లేకుండా అద్దం చేస్తే? అమెరికాలోని 3ఎం కంపెనీ పరిశోధకులు అదే చేసి 2000లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. రెండు రకాల పారదర్శక ప్లాస్టిక్‌ల పొరలు ఒకదాని మీద ఒకటి, వందల సంఖ్యలో. ఒక్కో పొర మందం కాంతి తరంగదైర్ఘ్యంలో సుమారు నాలుగో వంతు. రెండు పొరలు కలిసే ఒక్కో హద్దు దగ్గర వెనక్కొచ్చే వెలుతురు నూటికి ఒకటి కూడా ఉండదు. కానీ మందం అలా లెక్కగా ఉండడం వల్ల వందల హద్దుల నుంచి వచ్చే తరంగాలన్నీ అడుగులో అడుగు వేస్తూ కలుస్తాయి. అలా కలిసి దాదాపు మొత్తం వెలుతురు వెనక్కి వచ్చేస్తుంది. ఒక్కో రంగుకు తగ్గట్టు పొరల మందం క్రమంగా మారుస్తూ పోతారు, కాబట్టి ఏ రంగూ తప్పించుకోదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది, నాకు బాగా నచ్చింది అదే. మామూలు ప్లాస్టిక్ హద్దు మీద వెలుగు ఏటవాలుగా పడితే, ఒకానొక కోణం దగ్గర ఒక రకం ధ్రువణమున్న కాంతి అసలు వెనక్కి రాదు. దాన్ని బ్రూస్టర్ కోణం అంటాం. గొట్టంలో వెలుగంతా ఏటవాలుగానే పడుతుంది కదా, అది పెద్ద చిల్లే. ఆ పరిశోధకులు ప్లాస్టిక్‌ను సాగదీశారు. సాగదీస్తే దాని వక్రీభవన గుణకం ఒక్కో దిక్కులో ఒక్కోలా మారుతుంది. పొర వెంబడి రెండు ప్లాస్టిక్‌లకూ గుణకాలు వేరుగా ఉండేలా, మందం దిక్కున మాత్రం సమానంగా ఉండేలా చూసుకున్నారు. దాంతో బ్రూస్టర్ కోణమే లేకుండా పోయింది. ఇలాంటి పూతలతో చేసిన గొట్టాలకు 99.7 శాతం పరావర్తనం ఉంటుందని తయారీదారులు చెబుతారు. ఆ లెక్కన ఇరవై దెబ్బలు తగిలినా 94 శాతం మిగలాలి.

మనకు అంత ఖరీదు పూత కావాలా? వద్దనే నా లెక్క. దెబ్బల సంఖ్య రెండిటి మీద ఆధారపడుతుంది: గొట్టం పొడవు దాని వెడల్పుకు ఎన్ని రెట్లు, సూర్యుడు నడినెత్తి నుంచి ఎంత వాలాడు. 30 సెంటీమీటర్ల వెడల్పు, 3 మీటర్ల పొడవు గల నిలువు గొట్టం తీసుకుందాం. డిసెంబరు చివర మధ్యాహ్నం షామీర్‌పేటలో సూర్యుడు నడినెత్తికి 41 డిగ్రీల దూరంలో ఉంటాడు. సుమారు తొమ్మిది దెబ్బలు. అదే రోజు లండన్‌లో 75 డిగ్రీలు, ముప్ఫై ఏడు దెబ్బలు. 95 శాతం అద్దంతో మనకు 63 శాతం మిగిలితే వాళ్ళకు 15 మాత్రమే. ఇక మే రెండో వారంలో, మళ్ళీ ఆగస్టు మొదట్లో, మన నీడ మన కాళ్ళ కిందే పడే రోజుల్లో, మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు దేనికీ తగలకుండా గొట్టంలోంచి నేరుగా దిగుతుంది. సూర్యుడు అంతగా వాలే దేశాల్లో ఖరీదైన పూత అడిగే గొట్టం మన అక్షాంశంలో చౌక అద్దంతోనే పనిచేసేస్తుంది!

“ఎండ తెస్తే వేడి రాదా?” అని మేడ్చల్ పారిశ్రామికవాడలో ఏ షెడ్డు యజమానైనా అడుగుతాడు. రేకుల మధ్య అక్కడక్కడా ఫైబర్ రేకు వేసి, మే నెలలో దాని కింద ఉడికిపోయిన అనుభవం ఆయనది. నిజానికి ఒక వాటు ఎండలో వంద ల్యూమెన్ల దాకా వెలుతురు ఉంటుంది, మంచి ఎల్ఈడీతో సమానం. పాత గుండు బల్బులో ఆ లెక్క పదిహేను దాకానే. తప్పు ఎండది కాదు, మోతాదుది. బయట మిట్టమధ్యాహ్నం లక్ష లక్స్ ఉంటే క్లాసుగదికి 300 చాలు. ఫైబర్ రేకు ఆ తేడా చూడదు. 30 సెంటీమీటర్ల గొట్టం మూతిలో పడేది ఏడు వేల ల్యూమెన్లు. సగం పోయినా 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు ఒకటిన్నరకు పైనే. అడుగున గీతలు తీసిన పారదర్శక మూత బిగిస్తే ఆ వెలుగు నేల మీద ఒకచోట మచ్చలా పడకుండా గదంతా పరుచుకుంటుంది. పాత మిద్దె ఇళ్ళ కప్పులో వెలుతురు కోసం వదిలే గవాచికి లేనిది ఈ మూతే.

తర్వాతి చరిత్ర చకచకా చెప్పేస్తాను. 2002లో బ్రెజిల్ మెకానిక్ అల్‌ఫ్రెడో మోజర్ నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సీసాను రేకులో గుచ్చి, పైసా కరెంటు లేకుండా గది వెలిగించాడు. 2011 నుంచి ఫిలిప్పీన్స్‌లో అది ఉద్యమమైంది. 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించిన హైదరాబాద్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌లో 90 శాతం జాగాకు పగటి వెలుతురు అందేలా కట్టారు. దానికి వాళ్ళు నమ్ముకున్నది నడుమ ఖాళీ వాకిలి, మన భవంతి ఇళ్ళ ఉపాయమే. గొట్టాలు తయారుచేసే స్కైషేడ్ లాంటి కంపెనీ కూడా హైదరాబాద్‌లోనే ఉంది. ఇప్పుడు సెన్సరు పెడితే, మబ్బు పట్టినప్పుడు ఎంత తగ్గిందో అంతే ఎల్ఈడీ పెంచుతుంది. వీలర్, ఎడిసన్ ఒకే కప్పు కింద పనిచేస్తున్నారన్నమాట. తుర్కపల్లి వైపు మందుల ల్యాబుల్లో కిటికీ తెరవకూడని గదులుంటాయి. గాలి, దుమ్ము రాకుండా వెలుతురు మాత్రమే కావాల్సిన అలాంటి చోటికి ఇంతకంటే తగిన వస్తువు నాకు తోచదు.

ఈ గొట్టాలు ఇళ్ళకు ఎందుకు రాలేదంటారా? అడ్డు భౌతికశాస్త్రం కాదు, స్లాబు. కట్టిన స్లాబుకు అడుగు వెడల్పు బొక్క పెట్టాలంటే మేస్త్రీ ముందు ఇనుప చువ్వలు ఎక్కడున్నాయో చూడాలి, బొక్క చుట్టూ అరడుగు గట్టు కట్టాలి, గొట్టం కాలరు గట్టు మీదికి దిగేలా బిగించి సందుల్లో సీలెంటు పెట్టాలి. ఏడాదికోసారైనా గొట్టం పైన మూతగా ఉండే పారదర్శక గోపురం మీద దుమ్ము తుడవాలి. ఇవన్నీ ఒక ఇంటాయనకు ఓపిగ్గా చెప్పాను. చివరిదాకా విని ఆయన అడిగింది ఒక్కటే: “అంతా మంచిగనే ఉంది సార్, వానకాలం కారితే ఎవరిని పట్టుకోవాలె?”