రమ్మీ మొనగాడు మూడు ముక్కల్లోనూ మొనగాడేనా?

అపోహ: పదమూడు ముక్కలాటలో ఆరితేరినవాడు ఏ పేకాటకు కూర్చున్నా గెలుస్తాడు.

వాస్తవం: రమ్మీలో ఎవరు ఏ ముక్క ఎత్తారో, ఏది పారేశారో గుర్తుంచుకున్నవాడికి అవతలివాళ్లు దేనికోసం చూస్తున్నారో అందుతుంది. ఆ ముక్క వదలకుండా ఆడతాడు. చెయ్యి బాగా లేకపోతే మొదట్లోనే డ్రాప్ చెప్పి, 80 పాయింట్ల ఫుల్ కౌంట్ బదులు 20తో బయటపడతాడు. ముక్క ఎత్తిన ప్రతిసారీ ఏదో ఒకటి తేల్చుకోవాలి. నేర్పు పనిచేసేది అక్కడే.

‘లోపల–బయట’ పేకాటలో అయితే తేల్చుకోవాల్సింది ఒక్కటే, పందెం ఏ వైపని. తర్వాత చూస్తూ కూర్చోవడమే. ముందుగా ముక్క పడే వైపుకు అవకాశం సుమారు 51.5 శాతం, రెండో వైపుకు 48.5. పాతికేళ్లు ఆడినవాడికీ నిన్న మొదలెట్టినవాడికీ ఇదే లెక్క. ‘నాలుగుసార్లు లోపలే పడింది, ఈసారి బయటే’ అనే పెద్దమనిషి ప్రతి జట్టులో ఒకరుంటారు. పేక కలిపి మళ్లీ పంచాక పాత ఆట ఎంత గుర్తుంటే ఏం లాభం?

మూడు ముక్కలాటను ఇంత తేలిగ్గా తీసెయ్యలేం. 52 ముక్కలతో వచ్చే 22,100 చేతుల్లో మూడూ ఒకే అంకె లేదా ఒకే బొమ్మ ఉన్నవి 52 మాత్రమే. నాలుగింట దాదాపు మూడు చేతుల్లో జతా, వరసా, కలరూ ఏవీ ఉండవు. అందుకే అక్కడ బుకాయింపుదే రాజ్యం. రమ్మీ నుంచి అక్కడికి పట్టుకెళ్లగలిగింది డ్రాప్ చెప్పే నిగ్రహమొక్కటే. ‘నేను మొనగాణ్ణి’ అన్న ధీమాతో వచ్చినవాడు ముందు పోగొట్టుకునేదీ దాన్నే.

అపోహ: రమ్మీ నైపుణ్యమున్న ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది, కాబట్టి పేకాటంతా నైపుణ్యమే.

వాస్తవం: సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో కోర్టు రమ్మీ గురించి అలా చెప్పిన మాట నిజమే. అదే తీర్పులో మూడు ముక్కలాటను పూర్తిగా అదృష్టం మీద నడిచేదంది. బుకాయింపు సంగతి చూస్తే ఆ మాట కాస్త కటువే అనిపిస్తుంది. ఏమైనా, ఒక ఆటకు ఇచ్చిన కితాబు పక్క ఆటకు చెల్లదని ఆ తీర్పే చెబుతోంది.

ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడేవాళ్లకు ఆ కితాబూ ఇప్పుడు అక్కరకు రాదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బు ఆటలన్నిటినీ నిషేధించింది.