కిడ్నీకి, పక్షవాతానికి చుట్టరికం ఉన్నది

‘ఆయనకు కిడ్నీలు ఖరాబైనయ్, మళ్ల పక్షవాతం గూడ వచ్చె.’ ఊర్లల్ల ఈ మాట మస్తు ఇంటం. రెండూ వేరే వేరే కష్టాలనుకుంటం. గని చాలామందిల ఆ రెండింటి వేర్లు ఒక్క దగ్గరనే కలుస్తయని జన్యు పరిశోధనలు చెప్తున్నయ్.

గుండె పంపే రక్తంల దాదాపు ఐదో వంతు కిడ్నీలకే పోతది. మెదడుకు గూడ ఇంచుమించు అంతే. రెండిట్లనూ వెంట్రుక కంటే సన్నటి నాళాలుంటయ్, రక్తం ఆగకుండ జోరుగ పారుతనే ఉంటది. అందుకే బీపీ పెరిగితే ఈ సన్న నాళాలు దెబ్బతింటయ్.

ఆ నాళాలు ఎట్లుండాల్నో చెప్పేది జన్యువులే. సీవోఎల్4ఏ1 అనే జన్యువు నాళాల గోడకు అస్తరు లెక్క ఉండే కొలాజెన్‌ను తయారు చేయిస్తది. దాంట్ల తేడా వస్తే మెదడుల రక్తం కారొచ్చు, కొందరికి కిడ్నీలు గూడ దెబ్బతింటయ్. ఇది అరుదు. ఇంతకంటే ఎక్కువ కనపడేది కిడ్నీల నిండ నీటి తిత్తులొచ్చే జబ్బు. తల్లికో తండ్రికో ఉంటే ఒక్కో బిడ్డకు వచ్చే అవకాశం సగం. ఈ జబ్బున్న పది మందిల సుమారు ఒకరికి మెదడు నాళం బుడగ లెక్క ఉబ్బుతది. అది పగిలితే స్ట్రోకే.

మామూలుగ వచ్చే స్ట్రోక్‌ల ఒక్క జన్యువు కాదు, చానా జన్యువులు తలా ఇంత చెయ్యేస్తయ్. 2022ల అచ్చయిన గిగాస్ట్రోక్ అధ్యయనం లక్షా పది వేల మంది పేషెంట్ల జన్యువులు చూసి, 89 చోట్ల స్ట్రోక్‌తోటి లింకున్న తేడాలు పట్టుకున్నది. ఎస్‌హెచ్2బీ3 జన్యువున్న చోటైతే బీపీ, కిడ్నీ పని, స్ట్రోక్ మూడింటితోటి ముడిపడి ఉన్నది.

గట్లని ‘మా వంశంల ఉన్నది, మా రాత గింతే’ అనుకోవద్దు. విత్తనం ఒక్కటే పంట తియ్యదు. దానికి నీళ్లు, ఎరువు పోసేది మందులేసుకోని బీపీ, షుగర్, సిగరెట్, ఉప్పు. విత్తనాన్ని మార్చలేం, ఎరువు ఆపొచ్చు.

ఇంట్ల ఎవరికన్న డయాలసిస్ నడుస్తున్నా, చిన్న వయసుల స్ట్రోక్ వచ్చినా, మీరు నలభై దాక ఆగొద్దు. బీపీ చూపిచ్చుకోండ్రి. రక్తంల క్రియాటినిన్, మూత్రంల ఆల్బుమిన్ పరీక్ష చేయించుకోండ్రి. కిడ్నీలు సగం పాడైనా నొప్పి తెల్వకపోవచ్చు, పరీక్షల్నే బయటపడ్తది. ఒళ్లు నొప్పులని మెడికల్ షాపుల గోలీలు తెచ్చుకొని రోజూ మింగుడు బంద్ చెయ్యుండ్రి. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పసరు మందుకు పోకుండ వెంటనే 108కు ఫోన్ కొట్టుండ్రి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపల పడాలె.

ఇగ సర్కారుకొక మాట. ఆరోగ్యశ్రీల డయాలసిస్ చేస్తున్నరు, మంచిదే. గని ఆ పేషెంట్ వెంబడి వచ్చి బయట బెంచీ మీద కూసున్న కొడుకు, బిడ్డ బీపీ ఎవరు చూస్తున్నరు? ఆళ్లకు ఖరీదైన జన్యు పరీక్షలు అడుగుతలేం. అదే దవాఖానల, అదే రోజు బీపీ చూసి, మూత్రం పరీక్ష చేస్తే చాలు. రేపటి పేషెంట్ల కొందరినన్న ఆ బెంచీ మీదనే పట్టుకోవచ్చు.