ఐరోపా పౌరుల మహజరు

ఓటు వేయుటతోడనే పౌరుని ధర్మము తీరిపోవునని తలంచువారు పెక్కురు. ఐదేండ్లకొకమారు ప్రతినిధినెన్నుకొని తక్కిన దినములన్నియు ఊరకుండినచో, ఆ నడుమ పుట్టు శాసనములలో తనకుగల పాలేమి? ఈ ప్రశ్నకు ఐరోపా సమాఖ్యవారు కనుగొనిన యొక యుపాయమును, దాని గుణదోషములతో గూడ వివరింపదలంచితిమి.

ఇరువదియేడు రాజ్యములు చేరియున్న ఈ సమాఖ్యలో క్రొత్త శాసనమును ప్రతిపాదించు నధికారము సాధారణముగా బ్రస్సెల్సు నగరమందలి యూరోపియన్ కమిషనుకే కలదు. దానిని చర్చించి, సవరించి, ఆమోదించునవి రెండు: ప్రజలెన్నుకొనిన 720 మంది సభ్యులుగల పార్లమెంటు, రాజ్యముల మంత్రులు కూర్చుండు కౌన్సిలు. సామాన్యుని యింటికిని బ్రస్సెల్సునకును దూరమెక్కువ. ఆ దూరమును తగ్గించునదియే పౌరసమాజము. ప్రభుత్వమునకు చెందక, లాభార్జనము కోరక, జనులు తమంతట కూడి యేర్పరచుకొనిన సంఘములకే ఈ పేరు. కార్మిక సంఘములు, కర్షక సంఘములు, ధర్మసంస్థలు మున్నగునవి యిందు చేరును.

ఇట్టివారి మాట వినవలెనను తలంపు క్రొత్తది కాదు. 1957వ సంవత్సరపు రోము సంధియే ఆర్థిక సాంఘిక సమితి నేర్పరచెను. యజమానులు, కార్మికులు, ఇతర పౌరసంఘములవారు కలిసి నేడు 329 మంది అందు సభ్యులు. అయినను ఆ సమితి సలహా చెప్పగలదే కాని, నిర్ణయము చేయజాలదు. తరువాత 2009 డిసెంబరు 1వ తేదీన అమలులోనికి వచ్చిన లిస్బను సంధి పౌరులకు నేరుగా ఒక ద్వారము తెరచెను. పది లక్షలమంది పౌరులు చేవ్రాళ్లు చేసి, ఫలానా విషయమున శాసనము ప్రతిపాదింపుడని కమిషనును కోరవచ్చును. పలువురు చేవ్రాళ్లు పెట్టి అధికారులకు పంపుకొను విన్నపమును మనవారు మహజరు అందురు. ఇదియు అట్టి మహజరే. కాని దీనికి శాసనబద్ధమైన క్రమము కలదు.

ఆ క్రమమెట్టిదనగా: ఏడు వేర్వేరు రాజ్యములలో నివసించు ఏడుగురు పౌరులైనను కూడి విన్నపమును కమిషనువద్ద నమోదు చేయింపవలెను. ఒక్క సంవత్సరములో చేవ్రాళ్లు సేకరింపవలెను. ఏడు రాజ్యములలోనైనను నియమితసంఖ్య నిండవలెను. చిన్నదైన మాల్టాకు ఆ సంఖ్య 4,320, పెద్దదైన జర్మనీకి 69,120. చేవ్రాళ్లు సరియైనవని ఆయా రాజ్యములవారు తేల్చిన పిమ్మట, పార్లమెంటులో బహిరంగముగా విచారణ జరుగును. తుదకు కమిషను తానేమి చేయునో, చేయనిచో ఏలనో, కారణములతో గూడ ప్రకటింపవలెను.

ఈ పద్ధతి 2012 ఏప్రిలు 1వ తేదీనుండి అమలు జరిగెను. దీనివలన మొదట సఫలమైన విన్నపము నీటిని గూర్చినది. త్రాగునీరు మానవుల హక్కు కావలెననియు, దానిని అంగడిసరుకుగా చేయరాదనియు ప్రజాసేవా కార్మికుల సంఘములు పూనుకొని ప్రచారము సాగించెను. సరియైనవని తేలిన చేవ్రాళ్లే 16 లక్షల 59 వేలకు మించెను. వానిలో నాలుగింట మూడు పాళ్లు జర్మనీవారివే యగుట గమనింపదగినది. 2014 ఫిబ్రవరిలో విచారణ జరిగెను; మార్చిలో కమిషను జవాబిచ్చెను.

ఫలమేమి? విన్నపము సాగుచుండగనే, 2013లో, ప్రజాసేవలను గుత్తకిచ్చు విషయమై సిద్ధమగుచున్న శాసనమునుండి నీటిని తొలగించిరి. 2014నాటి జవాబులో మాత్రము, నీటిని హక్కుగా చేయు శాసనమునకు కమిషను మాట ఇయ్యలేదు. మరుసటి యేడు పార్లమెంటే ఆ జవాబు చాలదని తీర్మానించెను. పిదప 2018లో కమిషను త్రాగునీటి శాసనమును సవరింప ప్రతిపాదించెను. అది 2020 డిసెంబరులో ఆమోదింపబడెను. బీదలకును, నిరాశ్రయులకును నీరందునట్లు చూచుట ప్రతి రాజ్యమునకు విధియని అందు వ్రాసిరి. కోరినదంతయు రాలేదు, వచ్చినదానికి ఏడేండ్లు పట్టెను.

ఇందలి లోపములును చెప్పక తప్పదు. జవాబు చెప్పుట విధియే కాని, కోర్కె తీర్చుట విధి కాదు. పంజరములలో పశుపక్షులను పెంచుట మాన్పింపవలెనని సుమారు 14 లక్షలమంది కోరగా, 2023 చివరికి శాసనము ప్రతిపాదింతుమని కమిషను 2021లో మాట ఇచ్చెను. ఆ గడువు ప్రతిపాదన లేకయే దాటెను. ఇక లక్షల చేవ్రాళ్లు కూర్చుటకు ధనము కావలయును, పలుభాషలు తెలిసినవారు కావలయును. పెద్ద వ్యాపారసంస్థలకు బ్రస్సెల్సులో సొంత కార్యాలయములే కలవు. బీదవారి సంఘములకు అంతటి శక్తి యెక్కడిది? ఎవరు ఎవరి పక్షమున మాటలాడుచున్నారో, ఎంత వెచ్చించుచున్నారో తెలియుటకై 2011నుండి ఒక బహిరంగ పట్టిక నడుపుచున్నారు. అది మంచి యారంభమే కాని, తూకము సరిచేయుటకు అదొక్కటియే చాలదు.

కావున పౌరసమాజమునకు బలము చేకూర్చుట యనగా తలుపు తెరచుట మాత్రమే కాదు. లోనికి వచ్చినవాని మాటకు గడువులోగా జవాబు చెప్పవలెను. చెప్పిన జవాబును నిలుపుకొనవలెను. బీదవానికిని ధనికునికిని ఆ గడప ఒకే యెత్తున నుండవలెను. పౌరులకును ఒక విధి కలదు. చేవ్రాలు చేసి ఇంటికిపోయి నిదురింపరాదు. ఇచ్చిన మాట నెరవేరువరకు అడుగుచునేయుండవలెను. నీటికై విన్నవించినవారు ఏడేండ్లు విడువక నిలిచిరి గనుకనే ఆ కొంతయైనను సాధింపగలిగిరి.