గీత అవతల నిలబడినవాడు

నాలుగేళ్ల క్రితం మే నెలలో సెలవుల బైబిలు పాఠశాల ముగిసిన సాయంత్రం మా సంఘపు యవనస్థులకూ పొరుగు ఊరి యవనస్థులకూ కళ్యాణదుర్గంలో ఫుట్‌బాల్ పోటీ పెట్టాము. మైదానమంటే ఎర్రమట్టి, గులకరాళ్లు, అక్కడక్కడా పల్లేరుకాయలు. సున్నంతో గీసిన గీత అవతల మేము నిలబడ్డాము. ఆట గురించి మాకు తెలిసింది తక్కువే, కానీ అందరికన్నా ఎక్కువ అరిచింది మేమే. ఇంకా రెండు నిమిషాల ఆట ఉందనగా మా కుర్రాడొకడికి గోలు ముందు బంతి దొరికింది. అడ్డం ఎవరూ లేరు. వాడు కంగారులో బంతిని పక్కకు తన్నాడు. పదహారేళ్లవాడు. మేము ఊరుకోలేకపోయాము. ఆదివారం ప్రసంగం చేసే ఆ గొంతుతోనే వాణ్ణి పేరు పెట్టి పిలిచి, అందరూ వినేలా నాలుగు మాటలన్నాము. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అంతవరకూ వాడి భుజం తట్టిన తోటి కుర్రాళ్లు కూడా మమ్మల్ని చూసి వాణ్ణి తిట్టడం మొదలుపెట్టారు. ఆట ఓడిపోయాము. ఇంటికొచ్చి స్నానం చేసి అంతా మరచిపోయాము.

వాడు మాత్రం మరచిపోలేదు. రెండు ఆదివారాలు ఆరాధనకు రాలేదు. మూడో ఆదివారం వాళ్లమ్మ గుడి మెట్ల దగ్గర నిలబడి, నెమ్మదిగా చెప్పింది. ‘‘మీకు వానిమీద శానా కోపమొచ్చిందంట కదా అయ్యగారూ! అందుకే రానంటాండాడు. దేవునికి గూడా కోపమొచ్చింటాదామ్మా అని అడుగుతాండాడు’’ అంది. ముప్పై ఏళ్ల సేవలో మమ్మల్ని అంతగా కుదిపేసిన మాట మరొకటి లేదు. మేము గీత అవతల నుంచి అరిచిన అరుపు ఆ పిల్లవాడి మనసులో దేవుని గొంతుగా మారిపోయింది!

ఫుట్‌బాల్‌లో గీత అవతల నిలబడే మనిషి స్థానం చాలా విచిత్రమైనది. మనం కోచ్ అంటాము, ఇంగ్లండువారు మేనేజర్ అంటారు. జట్టు వరుసగా ఓడితే ముందు పోయేది అతని ఉద్యోగమే. కానీ ఆట జరుగుతుండగా బంతిని తన్నే అవకాశం అతనికి లేదు. లోపల పదకొండు మంది ఆటగాళ్లు, వెనుక వేలమంది అభిమానులు, మధ్యలో అతనొక్కడు. ఇరువైపులవారూ అతని ముఖమే చూస్తుంటారు. అతను నిబ్బరంగా ఉంటే వాళ్లకు ధైర్యం, తల పట్టుకుంటే వాళ్లకు దడ. అతని ఆవేశం అతని దగ్గర ఆగిపోయేది కాదు. ఎండిన వేరుశనగ కట్టె వామిలో పడిన నిప్పురవ్వలాగా అది ఆటగాళ్లలోకీ అభిమానుల్లోకీ పాకిపోతుంది. ఆ నిప్పు పొయ్యి కింద పడితే అన్నం ఉడుకుతుంది, వామిలో పడితే పశువుల మేత బూడిదవుతుంది.

జర్మనీకి చెందిన యూర్గెన్ క్లోప్ జీవితంలో ఈ రెండూ కనిపిస్తాయి. తాను ప్రొటెస్టెంటు విశ్వాసినని ఎన్నడూ దాచుకోని మనిషి ఆయన. 2015 అక్టోబరులో ఇంగ్లండులోని లివర్‌పూల్ జట్టుకు మేనేజరుగా వచ్చిన తొలినాడే, సందేహించే మనం నమ్మేవారంగా మారాలని అందరినీ కోరాడు. నెల తిరగకుండానే ఆ మాటకు పరీక్ష ఎదురైంది. నవంబరు 8న సొంత మైదానంలో క్రిస్టల్ ప్యాలెస్ జట్టు 82వ నిమిషంలో రెండో గోలు చేయగానే, ఆట ముగియకముందే అభిమానులు లేచి ఇంటిదారి పట్టారు. అప్పుడు తాను ఒంటరివాణ్ణయ్యాననిపించిందని ఆయన తర్వాత చెప్పాడు. అయినా అభిమానుల మీద విరుచుకుపడలేదు. చివరి నిమిషం వరకూ ఏమైనా జరగవచ్చని వాళ్లు నమ్మేలా ఆడడం తమ బాధ్యతేనన్నాడు. డిసెంబరు 13న వెస్ట్ బ్రామ్‌విచ్ జట్టుపై అదనపు సమయంలో గోలు కొట్టి 2-2తో గట్టెక్కినప్పుడు, ఆటగాళ్లందరినీ చేయీ చేయీ పట్టించి అభిమానుల ముందుకు తీసుకెళ్లాడు. గెలవని ఆటకు ఇంత సంబరమా అని నవ్వినవాళ్లు నవ్వారు. కానీ మీరు నిలబడ్డారు కాబట్టే మేము నిలబడ్డామని అభిమానులతో చెప్పడానికి ఆయన ఎంచుకున్న పద్ధతి అది. 2019 మే 7న దాని ఫలం లోకమంతా చూసింది. బార్సిలోనా చేతిలో మొదటి ఆట 0-3తో ఓడిన లివర్‌పూల్, రెండో ఆటను సొంత మైదానంలో 4-0తో గెలిచింది. ఆ ఏడు యూరప్ విజేతగా నిలిచింది. మరుసటి ఏడాది, 30 ఏళ్ల తర్వాత, ఇంగ్లండు లీగ్ కూడా గెలిచింది.

అయితే అదే నిప్పు మరో వైపుకూ మళ్లింది. 2018 డిసెంబరులో ఎవర్టన్‌పై చివరి క్షణంలో గోలు పడగానే ఆయన పట్టలేని సంతోషంతో మైదానంలోకి పరుగెత్తి తన గోల్‌కీపరును కౌగిలించుకున్నాడు. జరిమానా పడినా అందులో ఎవరికీ గాయం లేదు. 2023 ఏప్రిల్ 30న జరిగింది వేరు. టోటెన్‌హామ్‌పై మూడు గోళ్ల ఆధిక్యం కరిగిపోయి, ఆఖరి క్షణాల్లో మళ్లీ గోలు పడి లివర్‌పూల్ 4-3తో గెలిచింది. అప్పుడు ఆయన పరుగు తన ఆటగాళ్ల వైపు సాగలేదు. గీత పక్కన నిలబడిన నాలుగో అధికారి మీదికి వెళ్లి ఆయన ముఖం మీదనే అరిచాడు. ఆ అరుపులోనే తొడ వెనుక కండరం పట్టేసి, కుంటుతూ వెనక్కి వచ్చాడు! ఆట తర్వాత రిఫరీ గురించి అన్న మాటలకు 75 వేల పౌండ్ల జరిమానా, రెండు ఆటల నిషేధం పడ్డాయి. నిషేధంలో ఒక ఆటను వాయిదాలో ఉంచారు. గెలిచిన రోజున గాయపడిన మనిషి ఆయన. కోపం ఎవరి మీదికి పరుగెత్తినా ముందుగా కుంటివాడయ్యేది కోపించినవాడే.

ఆ కుంటుతో అది ఆగదు. టీవీలో పెద్ద మేనేజరు రిఫరీ మీద అరిస్తే, వీధి మైదానంలో చిన్న కోచ్ కూడా అరుస్తాడు. అతణ్ణి చూసి తల్లిదండ్రులూ అరుస్తారు. ఇంగ్లండులో స్థానిక పోటీల రిఫరీలపై దూషణలు ఎంత పెరిగాయంటే, 2023లో కొందరి ఛాతీకి కెమెరాలు కట్టి చూడవలసి వచ్చింది. ఇక ఆటగాడి సంగతి చూడండి. తిట్టు భయం పట్టుకున్నవాడు బంతిని చూడడం మాని గీత వైపు చూస్తాడు. గోలు కొట్టే దారి ఉన్నా కొట్టడు, పక్కవాడికి నెట్టేసి తప్పించుకుంటాడు. అరిచినవాడు తన మాట వాడికి వినబడిందనుకుంటాడు. వాడికి వినబడింది మాత్రం ‘నేను పనికిరాను’ అన్నదొక్కటే.

మోషే వంటి మహాభక్తుడు కూడా ఈ గుంటలో పడ్డాడు. కాదేషులో నీళ్లు లేక జనం సణిగారు. నీటి కోసం జనం పడే బాధ ఏమిటో మన కరువు సీమవారికి వేరే చెప్పనక్కరలేదు. బండతో మాట్లాడమని దేవుడు చెప్పాడు. మోషే జనాన్ని ద్రోహులని తిట్టి, కర్రతో బండను రెండుసార్లు కొట్టాడు (సంఖ్యా 20:7-12). గమనించండి, నీళ్లు వచ్చాయి! జనం తాగారు, పశువులు తాగాయి. చూసేవారికి అది విజయమే. కానీ నలభై ఏళ్లు నడిపించిన నాయకుడు ఆ రోజున వాగ్దాన దేశంలో అడుగుపెట్టే భాగ్యాన్ని పోగొట్టుకున్నాడు. ఎందుకు? ఆ కోపం తనదైనా, జనం దాన్ని దేవుని కోపమనుకున్నారు. దేవుని పరిశుద్ధతను వారి కళ్లెదుట చూపవలసినవాడు తన విసుగును చూపాడు. తిట్టినా నీళ్లొచ్చాయి కదా, అరిచినా గెలిచాం కదా అనే వాదన అందుకే దేవుని దగ్గర చెల్లదు.

మరి ఆవేశమే లేకుండా నడిపించాలా? అలాగైతే హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ కథ పుట్టేదే కాదు. 1909లో పుట్టిన ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ భారత జట్టుకూ కోచ్‌గా ఉన్నాడు. ఆయన కాలంలో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు. కానీ సమరయుని నుంచీ శతాధిపతి నుంచీ నేర్చుకొమ్మన్న ప్రభువు శిష్యులం మనం.

1962లో జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లేనాటికి రహీమ్‌ను క్యాన్సర్ తినేస్తోంది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. థాయిలాండ్‌తో ఆటలో రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. తైవాన్, ఇజ్రాయెల్ జట్లను రానివ్వని ఇండోనేషియాను భారత క్రీడాధికారి ఒకరు విమర్శించినందుకు అక్కడి జనం భారతీయులపై రగిలిపోతున్నారు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో మళ్లీ కొరియానే ఎదురైంది. స్టేడియం నిండా ఎగతాళి, ఈలలు. ఇంకో ముఖ్య సంగతి. ఆ రోజుల్లో గీత పక్క నుంచి సూచనలివ్వడం నిబంధనలకు విరుద్ధం. కోచ్‌లకు ఆ వీలు దొరికింది 1993లోనే. అంటే రహీమ్ అరవదలచుకున్నా అరవడానికి లేదు. పెట్టవలసిన నిప్పంతా ముందే వారి గుండెల్లో పెట్టి ఉండాలి. ఆయన చేసిందదే. ఫైనల్‌కు ముందు ఆటగాళ్లను పిలిచి, తనకొక కానుకగా ఆ స్వర్ణం ఇమ్మని అడిగాడని వారు తర్వాత చెప్పుకున్నారు. తలకు కుట్లున్న జర్నైల్‌ను ఆ గాయంతో బంతిని తలతో అడ్డుకునే పనిలో ఉంచక, ముందుకు జరిపి గోళ్లు కొట్టే చోట నిలిపాడు. వాడు గాయపడ్డాడని విసుక్కోలేదు, గాయపడినవాడికి కూడా ఒక చోటు వెదికాడు. పి.కె. బెనర్జీ ఒక గోలు, ఆ జర్నైల్ ఒక గోలు చేశారు. భారత్ 2-1తో గెలిచింది. సికింద్రాబాదు దగ్గర పుట్టి పెరిగిన తులసీదాస్ బలరాం, హైదరాబాదుకే చెందిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్ ఆ జట్టులో ఆడినవారే. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీమ్ కన్నుమూశాడు. భారత ఫుట్‌బాల్ జట్టు మళ్లీ ఆసియా క్రీడల స్వర్ణం చూడలేదు. 2024లో ఆయన కథ ‘మైదాన్’ అనే హిందీ సినిమాగా వచ్చింది.

రెఫీదీములో మోషే ఇలాంటివాడే. లోయలో యెహోషువ అమాలేకీయులతో పోరాడుతుంటే, కొండ మీద మోషే చేతులెత్తి నిలబడ్డాడు (నిర్గమ 17:8-13). ఆ రోజున ఆయన ఎవరినీ తిట్టలేదు. ఎత్తిన చేతులే ఆయన ఆవేశం. అవి బరువెక్కితే అహరోను, హూరు పట్టుకున్నారు. ఎత్తిన చేతులు చూసినంతసేపూ ఇశ్రాయేలు గెలిచింది. రెఫీదీములో ఎత్తిన ఆ చేతులే కాదేషులో కర్ర ఎత్తాయి. మనిషి ఒక్కడే. ఒకనాడు జనం కోసం మండాడు, ఒకనాడు జనం మీద మండాడు. ఆ ‘కోసం’, ‘మీద’ల మధ్య దూరం ఎంత? ఆ సున్నపు గీతంత!

మనమందరం ఏదో ఒక గీత అవతల నిలబడినవారమే. అనంతపురంలో ఆర్డీటీ క్రీడా గ్రామంలో మన కరువు పల్లెల ఆడపిల్లలు సైతం ఫుట్‌బాల్ నేర్చుకున్నారు. వారి వెనుక గీత దగ్గర నిలబడిన అమ్మానాన్నలున్నారు. పదో తరగతి పరీక్ష రాసే పిల్లల వెనుక మనమున్నాము. వాన లేక పంట పోతే, బోరు ఎండిపోతే, అప్పులవాడు తలుపు తడితే, ఆ విసుగునంతా తక్కువ మార్కులు తెచ్చిన పిల్లవాడి మీద దించేస్తాము. వాడి మంచి కోసమే కదా అంటాము. నిజానికి మన ఓటమిని వాడి మీద తీర్చుకుంటున్నాము. సంఘంలోనూ అంతే. పాట తప్పిన చెల్లెలి మీద, వాక్యం తడబడిన తమ్ముడి మీద అందరి ముందూ విసుక్కుంటాము. దేవుని మందిరం కొరకైన ఆసక్తి అని దానికి పేరు పెట్టుకుంటాము. వాళ్లు మరోసారి నోరు తెరవరు.

పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్రపు గట్టున నిలబడిన ఆ ఉదయాన్ని తలచుకుందాము (యోహాను 21:4-17). రాత్రంతా శ్రమపడి ఒక్క చేప కూడా పట్టలేని శిష్యులు దోనెలో ఉన్నారు. వారిలో మూడుసార్లు ఆయనను ఎరుగనన్న పేతురున్నాడు. గట్టు నుంచి ఆయన కేక వేశాడు. ఆ కేకలో నింద లేదు, పిల్లలారా అనే పిలుపుంది, వల ఎటు వేయాలో చెప్పే సాయముంది. వారు గట్టుకు చేరేసరికి నిప్పులు సిద్ధంగా ఉన్నాయి. ఎవరినీ కాల్చడానికి కాదు, వారికి రొట్టె, చేప వండిపెట్టడానికి. భోజనమయ్యాకే పేతురుతో మాట్లాడాడు. అప్పుడైనా, ఎందుకు తప్పావని అడగలేదు, ప్రేమిస్తున్నావా అని అడిగాడు. తప్పినవాడి చేతికే మందను అప్పగించాడు.

ఆ వాక్యం చదువుకుని ఆ పిల్లవాడి ఇంటికి వెళ్లాము. తండ్రి బెంగళూరులో కూలిపనికి వెళ్లాడు, తల్లీ కొడుకూ ఉన్నారు. గడప దగ్గర నిలబడి, ‘‘తప్పు నీది కాదు నాయనా, మాది. దేవునికి నీమీద కోపం లేదు. ఆ అరుపు మాది, ఆయనది కాదు’’ అన్నాము. వాడేమీ మాట్లాడలేదు. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి మా చేతికిచ్చాడు. రెండు వారాల తర్వాత ఆరాధనకు వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు. మరుసటి వేసవిలో మళ్లీ పోటీ పెట్టాము. వాడు మళ్లీ ఒక గోలు తప్పాడు, తప్పగానే గీత వైపు తిరిగి మా ముఖం చూశాడు. మేము రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టాము. వాడు నవ్వి, బంతి వెనుక పరుగెత్తాడు.

ఈ వారం మన ఇంట్లోనో సంఘంలోనో ఎవరో ఒకరు తప్పుతారు. తప్పగానే మన ముఖం చూస్తారు. అప్పుడు వారికి కనబడవలసింది కర్ర పట్టిన చేయి కాదు, పైకెత్తిన చేతులు. ప్రభువు మనందరికీ అట్టి కృప దయచేయును గాక!