సంచులకు సీలు, సరుకుకు గడువు లేదు

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల చిన్న చిన్న కారం వ్యాపారులకు రెండు భయాలు. ఒకటి ధర పడిపోవడం, రెండోది శాంపిల్. పడిన ధర మళ్లీ లేస్తుందన్న ఆశైనా ఉంటుంది. శాంపిల్ తీసి సరుకు సీజ్ చేస్తే మాత్రం ఆ సంచులు మళ్లీ ఎప్పుడు విప్పుకోవచ్చో చెప్పేవాళ్లుండరు.

తనిఖీలు వద్దని ఎవరూ అనరు. 2003లో మన దేశం నుంచి వెళ్లిన మిరప సరుకులో తిండిలో వాడకూడని సూడాన్ రంగు ఉందని ఫ్రాన్స్ పట్టుకుంది. ఆ తర్వాత పరీక్ష పత్రం లేనిదే ఐరోపా సమాఖ్య మన కారాన్ని రానివ్వలేదు. తినే కారంలో అలాంటి రంగు కలిపినవాడికి శిక్ష పడాల్సిందే. పట్టుకున్న సరుకు మాయమైతే కేసు నిలవదు కాబట్టి సీజ్ చేసే అధికారమూ ఉండాల్సిందే. అయితే ఆ అధికారానికి చట్టం హద్దులు కూడా పెట్టింది. ఆ హద్దుల సంగతి వ్యాపారికి ఎవరూ చెప్పరు.

2011 ఆగస్టు 5 నుంచి అమల్లో ఉన్న ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో 38వ సెక్షన్ ఇందుకు మూలం. నిబంధనలకు విరుద్ధంగా ఉందని తోచిన ఆహారాన్ని ఆహార భద్రతా అధికారి స్వాధీనం చేసుకోవచ్చు. శాంపిల్ తీసి, మిగతాది వ్యాపారి దగ్గరే భద్రంగా ఉంచమని, దాని విలువకు సరిపడా జామీనుతో పూచీకత్తు రాయించుకోవచ్చు. అంటే సరుకు కొట్లోనే ఉంటుంది, అమ్మకూడదు, బాధ్యత మాత్రం అతనిదే. నిలవున్నకొద్దీ కారం రంగు తగ్గుతుంది, వానాకాలం తేమకు గడ్డకడుతుంది, పురుగు పడుతుంది. అప్పు మీద కాయ తెచ్చి ఆడించినవాడికి వడ్డీ ఆగదు.

అదే సెక్షన్ అధికారికీ పనులు చెప్పింది. శాంపిల్‌కు బజారు ధర చెల్లించాలి. సాక్షులను పిలిచి సంతకాలు తీసుకోవాలి. పై అధికారి అనుమతి లేకుండా లెక్కల పుస్తకాలు సీజ్ చేయకూడదు. చేస్తే నకళ్లు తీసుకుని 30 రోజుల్లోగా తిరిగివ్వాలి. తినడానికి పనికిరాని సరుకునైనా నోటీసు ఇచ్చాకే నాశనం చేయాలి. సరైన ఆధారం లేకుండా వేధించడానికి సీజ్ చేస్తే 39వ సెక్షన్ కింద ఆ అధికారికే లక్ష రూపాయల దాకా జరిమానా.

శాంపిల్ అందిన 14 రోజుల్లోగా దాన్ని పరీక్షించే ఫుడ్ అనలిస్టు రిపోర్టు ఇవ్వాలని కూడా చట్టంలోనే ఉంది. ఆ రిపోర్టులిచ్చే ల్యాబ్‌ల సంగతి కాగ్ 2017లో బయటపెట్టింది: దేశంలోని 72 రాష్ట్ర ల్యాబ్‌లలో 65కు అప్పటికి ల్యాబ్‌ల ప్రమాణాలు చూసే ఎన్ఏబీఎల్ గుర్తింపు లేదు. కేసు వేయడానికి ఏడాది గడువుంది, ఆహార భద్రత కమిషనర్ కారణం రాసి మూడేళ్ల దాకా పొడిగించవచ్చు. సీజ్ చేసిన తిండి సరుకు ఎన్నాళ్లు ఆగాలో మాత్రం 38వ సెక్షన్ చెప్పదు. పాడవని పుస్తకాలకు 30 రోజుల గడువు పెట్టి, పాడయ్యే సరుకుకు పెట్టకపోవడం అన్యాయం. రిపోర్టు 14 రోజుల్లో రాకపోతే సీజ్ ఎందుకు కొనసాగాలో అధికారి రాసివ్వాలి, లేదా సరుకు వదిలేయాలి. ఈ మాట ప్రభుత్వం నిబంధనల్లో చేర్చాలి. అప్పుడు కల్తీ చేసేవాడు తప్పించుకోడు, చేయనివాడు మునిగిపోడు.

ఈలోగా వ్యాపారులు ఒక పని చేయవచ్చు. శాంపిల్‌ను నాలుగు భాగాలు చేస్తారు. ఒకటి అనలిస్టుకు, రెండు జిల్లాలోని డిజిగ్నేటెడ్ ఆఫీసరుకు వెళ్తాయి. నాలుగోది గుర్తింపు పొందిన ల్యాబ్‌కు పంపమని అడిగే హక్కు మీది. రెండు రిపోర్టులు వేరుగా వస్తే రిఫరల్ ల్యాబ్ మాటే చివరిది. అడగకపోతే ఆ భాగం ల్యాబ్‌కు వెళ్లదు. అధికారి ఇంకా కొట్లో ఉండగానే, కాగితం మీద రాసి అడగండి.