నానమ్మ వేలే ఏటీఎం కార్డు!

టీ తాగి పది రూపాయలు కట్టాలన్నా ఫోనే తీస్తాం. పానీపూరీ బండి దగ్గర క్యూఆర్ కోడ్, ఆటోలో సీటు వెనక క్యూఆర్ కోడ్, గుళ్లో హుండీ పక్కన కూడా అదే. 2016 ఏప్రిల్ 11న అప్పటి రిజర్వ్ బ్యాంకు గవర్నర్ రఘురామ్ రాజన్ ముంబైలో యూపీఐని ప్రారంభించినప్పుడు అందులో ఉన్నవి 21 బ్యాంకులు. అదే ఏడాది నవంబర్ 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి, డిసెంబర్ 30న భీమ్ యాప్ వచ్చింది. 2023 ఆగస్టులో మొదటిసారి ఒక్క నెలలో వెయ్యి కోట్ల లావాదేవీలు దాటాయి. సరిగ్గా రెండేళ్లకి, 2025 ఆగస్టులో, ఆ లెక్క రెండు వేల కోట్లు దాటింది. ఈ కథ మీకు తెలిసిందే. సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాడిగా నాకూ దీని మీద గర్వమే, దాచుకోను.

అయితే ఇదే దేశంలో ఇంకో డిజిటల్ పేమెంట్ ఉంది. దానికి ఫోన్ అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, చదువూ అక్కర్లేదు. ఆధార్ నంబరు, ఒక వేలు... అంతే. దాని పేరు ఆధార్ ఎనేబుల్డ్ పేమెంట్ సిస్టమ్, పొట్టిగా ఏఈపీఎస్. యూపీఐ కంటే ముందే వచ్చింది. ఈ వ్యాసాన్ని ఫోన్లో చదువుతున్న మీలో చాలామంది దాన్ని ఒక్కసారి కూడా వాడి ఉండరు. ఊళ్లో ఉన్న మీ నానమ్మో అమ్మమ్మో మాత్రం వాడే ఉంటుంది.

మా నానమ్మ నిజామాబాద్ జిల్లాలో ఒక పల్లెలో ఉంటుంది. నలభై ఏళ్లు బీడీలు చేసింది. ఆకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి... చూపుడు వేలు, బొటనవేలు మీద చర్మం అద్దంలా నున్నగా అయిపోయింది. ఆ వేళ్ల మీదే ఇప్పుడు ఆమె బతుకంతా నడుస్తోంది. రేషన్ బియ్యానికి వేలు. పింఛనుకి వేలు. ఆమె పేరు మీద ఎకరం పొలం ఉంది కాబట్టి పీఎం కిసాన్ కింద నాలుగు నెలలకోసారి 2000 ఖాతాలో పడతాయి, అవి తీసుకోడానికీ వేలే. బ్యాంకు మండల కేంద్రంలో ఉంటుంది, ఆటోకి పోనూ రానూ ఖర్చు. అందుకే ఊళ్లోనే 'మినీ బ్యాంక్' అని బోర్డు పెట్టిన చిన్న షాపుకి వెళ్తుంది. జెరాక్స్, రీచార్జ్, కరెంటు బిల్లు, వీటి మధ్యలో ఒక వేలిముద్ర యంత్రం.

పోయిన దసరాకి ఊరెళ్లినప్పుడు నేనూ తోడు వెళ్లాను.

"అవ్వా, ఏలు మంచిగ తుడిచి పెట్టు."

"తుడిచినా బిడ్డా. పడ్తలేదా?"

"పడ్తలేదు. ఇంకో ఏలు పెట్టు."

కొంగుతో తుడిచింది, తలకి రాసింది (తల నూనె అంటితే పడుతుందని ఊళ్లో అందరి నమ్మకం), మళ్లీ పెట్టింది. ఆ అబ్బాయి స్క్రీన్ మీద ప్రతిసారీ ఒకటే నంబరు: 300. ఆధార్ వ్యవస్థ భాషలో దానర్థం 'బయోమెట్రిక్ సరిపోలేదు' అని. ఆరోసారికి పడింది. అతను మంచివాడే, ఓపిక ఉన్నవాడు. లైన్లో వెనక ఇంకో ఎనిమిది మంది ఉన్నా విసుక్కోలేదు.

నా ఉద్యోగం పేమెంట్లకి సంబంధించింది కాదు గానీ, ఫెయిల్యూర్ లాగ్‌లు చూడటం నా రోజువారీ పని. అందుకే ఆ 300 నన్ను వదల్లేదు. మేం రాసే కోడ్‌లో రీట్రై అని ఒకటి పెడతాం. సర్వర్ బిజీగా ఉండి ఒక రిక్వెస్ట్ ఫెయిలైతే, కాసేపాగి మళ్లీ పంపుతాం. రెండోసారో మూడోసారో వెళ్లిపోతుంది. ఫెయిల్యూర్ ఇవాళ ఒకరికి, రేపు ఇంకొకరికి వస్తుందనే నమ్మకం మీదే ఆ ఉపాయం పనిచేస్తుంది. అరిగిపోయిన వేలికి అది వర్తించదు. లెక్క కోసం, వెయ్యి మందిలో పది మందికి వేలు పడలేదనుకుందాం. ఆఫీసులో డాష్‌బోర్డు మీద 99 శాతం సక్సెస్, పచ్చ రంగు. వచ్చే నెలా 99, పచ్చ రంగే. కానీ ఆ పది మంది ఎవరా అని చూస్తే చాలావరకు పోయిన నెల వాళ్లే కనిపిస్తారు. బీడీలు చేసినవాళ్లు, సున్నం పని చేసినవాళ్లు, నాట్లేసినవాళ్లు, ముసలివాళ్లు. ఒక శాతం అనే మాటలో వాళ్లు కనపడరు.

యంత్రం వేలిని ఫొటోలా పోల్చదు. వేలి మీద గీతలు ఎక్కడ ఆగిపోయాయి, ఎక్కడ రెండుగా చీలాయి అనే బిందువులని పట్టుకుని, నమోదు రోజు తీసుకున్న వాటితో పోలుస్తుంది. ఎంత సరిపోతే 'అవును' అనాలో ఒక గీత గీసి పెడతారు. గీత పైకి జరిపితే నానమ్మ లాంటివాళ్లు బయటే ఉండిపోతారు, కిందికి దించితే దొంగలు లోపలికొస్తారు. రెండూ ఒకేసారి తగ్గించడం సాఫ్ట్‌వేర్ వల్ల అంత తేలిగ్గా అయ్యే పని కాదు. కనుపాపతో, ముఖంతో గుర్తుపట్టే పద్ధతులు వచ్చాయి. కంట్లో శుక్లం ఉన్నవాళ్లకి కనుపాప యంత్రంతోనూ తిప్పలే అనుకోండి.

స్క్రీన్ ఎవరి చేతిలో ఉంది?

వేలు పెట్టాక ఏం జరుగుతుందో చెప్తాను. ఆపరేటర్ ఆధార్ నంబరు కొట్టి, బ్యాంకు పేరు ఎంచుకుని, ఎంత కావాలో వేస్తాడు. వేలిముద్ర రహస్య సంకేతంగా మారి అతని బ్యాంకు నుంచి ఎన్‌పీసీఐకి, అక్కణ్నుంచి ఆధార్ సంస్థ యూఐడీఏఐకి వెళ్తుంది. యూఐడీఏఐ అవును లేదా కాదు అని మాత్రమే చెప్తుంది. అవునంటే నానమ్మ బ్యాంకు ఖాతాలో డబ్బు తగ్గిస్తుంది, ఆపరేటర్ తన గల్లాపెట్టెలోంచి నోట్లు ఇస్తాడు. ఇదంతా కొన్ని సెకన్లలో. ఇంజినీరింగ్ పరంగా చూస్తే నిజంగా ముచ్చటేస్తుంది.

ఇప్పుడు యూపీఐతో పోల్చండి. యూపీఐలో మీ యాప్ మీ సిమ్‌తో, మీ ఫోన్‌తో ముడిపడి ఉంటుంది. దాని మీద మీకొక్కరికే తెలిసిన పిన్. అంటే మీ దగ్గరున్న వస్తువు ఒకటి, మీకు తెలిసిన రహస్యం ఒకటి. స్క్రీన్ మీ చేతిలో, 'పే' నొక్కేది మీరు. ఏఈపీఎస్‌లో నంబరు కొట్టేది అవతలివాడు, మొత్తం వేసేది అవతలివాడు, ఫలితం చూసేది కూడా అవతలివాడే. 'పడలేదు అవ్వా, మళ్లీ పెట్టు' అంటే పెట్టడం తప్ప నానమ్మకి వేరే దారి లేదు. మొదటిసారే పడిందా లేదా అన్నది చూడ్డానికి ఆమెకి స్క్రీన్ లేదు. అందరు ఆపరేటర్లూ మోసం చేస్తారని కాదు. చెయ్యాలనుకున్న ఒక్కడికి వ్యవస్థ ఇచ్చే వీలు గురించి చెప్తున్నా. ఒక్కోసారి ఎవరి తప్పూ లేకుండానే, మధ్యలో నెట్ పోయి ఖాతాలో డబ్బు తగ్గుతుంది, చేతికి నోటు రాదు. తిరిగి జమ అవుతుందిలే అని మనం యాప్‌లో చూసుకుంటాం. ఆమె ఎక్కడ చూసుకోవాలి?

ఎస్‌ఎంఎస్ వస్తుంది కదా అంటారా? వస్తుంది, బ్యాంకులో ఇచ్చిన నంబరుకి. మా నానమ్మ ఖాతాకి ఉన్న నంబరు ఎప్పుడో రీచార్జ్ లేక ఆగిపోయిన సిమ్‌ది. రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో ఒక మంచి రూలు తెచ్చింది. మీ తప్పు, బ్యాంకు తప్పు లేకుండా మధ్యలో ఎవరో డబ్బు కొట్టేస్తే, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లో మీరు ఫిర్యాదు చేస్తే మీ మీద ఒక్క రూపాయి భారం కూడా పడదు. ఫోన్ చూసుకునేవాళ్లకి మూడు రోజులు చాలా ఎక్కువ. పాస్‌బుక్ ఆర్నెల్లకోసారి ప్రింట్ వేయించుకునే మనిషికి చాలా తక్కువ.

కాగితం మీద వేలు

ఇంకో చిక్కుంది. పిన్ ఎవరికైనా తెలిసిపోతే ఐదు నిమిషాల్లో మార్చేస్తాం. వేలుని ఏం చేస్తాం?

2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక కేసు బయటపడింది. ఒక సిమ్ కార్డుల షాపతను టార్గెట్ల కోసం, తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న భూమి దస్తావేజులు డౌన్‌లోడ్ చేసుకుని, వాటి మీది వేలిముద్రలకి నకళ్లు తయారుచేసి, ఎవరెవరి పేర్ల మీదో వేల సంఖ్యలో సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆలోచించండి. దస్తావేజు మీద పేరు, ఊరు, వేలిముద్ర. చాలావాటికి ఆధార్ కాపీ కూడా జత. తర్వాతి ఏళ్లలో దేశంలో చాలాచోట్ల ఇదే ఉపాయంతో నేరుగా బ్యాంకు ఖాతాలే ఖాళీ చేశారు. ఓటీపీ అడగరు, లింకు పంపరు, ఫోన్ చెయ్యరు. బాధితుడు ఏమీ నొక్కడు, ఎవరికీ ఏమీ చెప్పడు. 'తెలియని లింకులు క్లిక్ చెయ్యకండి' అని మనం ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పే జాగ్రత్తలేవీ ఇక్కడ పనికిరావు.

వ్యవస్థ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. యంత్రం మీద పెట్టింది ప్రాణమున్న వేలా, రబ్బరు ముద్రా అని కనిపెట్టే కొత్త పద్ధతిని 2023 ఫిబ్రవరిలో యూఐడీఏఐ ప్రకటించింది. పాత రకం యంత్రాల బదులు, వేలిముద్రని లోపలే రహస్యంగా మార్చేసే యంత్రాలు వస్తున్నాయి. మంచిదే. కానీ తనిఖీ గట్టిపడిన కొద్దీ నున్నటి వేళ్లకి 300 కూడా పెరగొచ్చు కదా అన్నది నా అనుమానం.

మరి లాక్ చేసేస్తే?

ఈ పాటికి మీలో టెక్నాలజీ తెలిసినవాళ్లు అనేసి ఉంటారు, 'బయోమెట్రిక్ లాక్ చేసుకుంటే అయిపోతుంది బ్రో' అని. నిజమే, మీరు ఇవాళే చెయ్యండి. ఎంఆధార్ యాప్‌లోనో మైఆధార్ సైట్లోనో ఓటీపీ కొట్టి లాక్ చేస్తే మీ వేలు, కనుపాప, ముఖం దేనితోనూ ఎవరూ మీ పేరు మీద ఏం చేయలేరు. అవసరమైతే పది నిమిషాలు తెరుచుకోవచ్చు. గత ఆరు నెలల్లో మీ ఆధార్‌ని ఎక్కడెక్కడ వాడారో కూడా అక్కడే కనిపిస్తుంది. మనకి సిమ్ కొన్నప్పుడు తప్ప వేలిముద్ర అవసరమే పడదు కాబట్టి లాక్ వల్ల పోయేదేం లేదు.

సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 26న ఇచ్చిన తీర్పులో బ్యాంకు ఖాతాకి, సిమ్‌కి ఆధార్ తప్పనిసరి కాదంది. ప్రభుత్వ సంక్షేమ పథకాలకి మాత్రం అడగొచ్చంది. ఐదుగురు జడ్జీల్లో జస్టిస్ చంద్రచూడ్ ఒక్కరే మొత్తం మీద విభేదించారు. దీన్ని మామూలు భాషలోకి మారిస్తే, జీతం వచ్చే నాకు ఎంచుకునే వీలుంది, రేషన్ తినే నానమ్మకి లేదు.

ఇంట్లో ఈ లాక్ సంగతి ప్రయత్నించి చూశాం. ముందు మండల కేంద్రంలోని ఆధార్ సెంటర్లో నానమ్మ ఆధార్‌కి మా బాబాయి ఫోన్ నంబరు ఎక్కించాం. బ్యాంకులోనూ అదే నంబరు ఇచ్చాం. తర్వాత లాక్ వేశాం. నెల మొదట్లో రేషన్ షాపులో డీలర్ యంత్రం మీద ఈసారి 300 రాలేదు, 330 వచ్చింది. అంటే 'హక్కుదారే తాళం వేసుకున్నారు' అని. బాబాయి పొలంలో ఉన్నాడు, ఓటీపీ ఆయన ఫోన్‌కి. ఆయన ఫోనెత్తి, నాకు చెప్పి, నేను హైదరాబాద్‌లో ఆఫీసు మీటింగ్ మధ్యలో తాళం తీసి... అప్పటికి లైన్లో ఆమె వంతు పోయింది. మళ్లీ వంతు వచ్చేసరికి పది నిమిషాలు అయిపోయాయి. రెండో నెలా ఇదే తంతు.

మూడో నెల ఆమే ఫోన్ చేసింది. "నా ఏలుకు నన్నే అడగకుంట తాళమేసిన్రు. బియ్యం తెచ్చుకోవాల్నంటే పట్నంల ఉన్న మనవడు తియ్యాల్నా?"

లాక్ తీసేశాం. ఫీచర్ ఫోన్లలో పనిచేసే యూపీఐ 123పే గురించి కూడా ఆలోచించాం. అది ఖాతాలోంచి ఖాతాలోకి పంపడానికి పనికొస్తుంది. ఆమెకి కావాల్సింది చేతిలో నోట్లు.

చివరికి చేసింది ఇది. కూడబెట్టిన డబ్బంతా తీసి పోస్టాఫీసులో పాస్‌బుక్ ఖాతాలో వేశాం, దానికి ఆధార్ లింక్ చేయించలేదు. వేలితో తీసే బ్యాంకు ఖాతాలో పీఎం కిసాన్ రెండు వేలు తప్ప పెద్దగా ఏం ఉంచట్లేదు. ఏ బ్యాంకు ఖాతాకి ఈ డబ్బు వెళ్తోందో మైఆధార్ సైట్లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' దగ్గర చూశాం. మీ ఇంట్లోవాళ్లదీ ఒకసారి చూడండి. 2017లో ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకు వ్యవహారంలో చాలామంది గ్యాస్ సబ్సిడీ వాళ్లకి తెలియకుండా తెరిచిన ఖాతాల్లోకి వెళ్లిపోయింది, యూఐడీఏఐ ఆ కంపెనీని కొన్నాళ్లు ఆపాల్సి వచ్చింది. ఫిర్యాదుకి 1930, ఆధార్ సంగతులకి 1947 అని బాబాయి గోడ మీద క్యాలెండర్ పక్కన బొగ్గుతో రాసి పెట్టాడు.

ఇప్పుడు నానమ్మ మినీ బ్యాంక్‌లో వేలు పెట్టగానే మెసేజ్ బాబాయి ఫోన్‌కి వస్తోంది. ఆమె డబ్బు కొంగున కట్టుకునే ముందు ఆయనకి ఫోన్ చేయించి, ఎంత తగ్గిందో అడుగుతుంది. నోట్లు లెక్కపెట్టేది ఆ తర్వాతే. ఆ షాపు అబ్బాయి మొదట్లో కొంచెం మొహం మాడ్చుకున్నాడట. ఇప్పుడు ఆమెని చూసి లైన్లో ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా కొడుకులకి ఫోన్ కలపమంటున్నారని బాబాయి చెప్పాడు.