పోపుల డబ్బాలో ఆకాశం

పిల్లలు వాడి వదిలేసిన వాటర్ కలర్ పెట్టె దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది. షోకేసు అడుగు అరలోనో, పాత పుస్తకాల సంచిలోనో! మా ఇంట్లోనూ ఉంది. మా అబ్బాయి ఎనిమిదో క్లాసులో వాడింది. పన్నెండు రంగు బిళ్లలు, ఒక్కొక్కటీ రూపాయి బిళ్ల కంటే చిన్నవి. ఆ చిన్న బిళ్లల మూలంగా నేను నెల రోజులు వంటింట్లో గిన్నెలన్నీ తిరగేశానంటే నవ్వుతారేమో. కానీ అదే జరిగింది.

సంగతేమిటంటే, మా అత్తయ్యగారి పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక దగ్గర ఒక పల్లెటూరు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో వేలమంది ప్రాణాలు పోయాయి. అత్తయ్యగారి వాళ్లు ఎలాగో బతికి బయటపడ్డారు గానీ ఇల్లు మాత్రం ఆనవాలు లేకుండా పోయింది. ఫొటో ఒక్కటీ లేదు. ఆ రోజుల్లో పల్లెటూళ్లో ఇంటికి ఫొటో తీయించేదెవరు?

కిందటేడు అత్తయ్యగారిని కంటి డాక్టరుకి చూపించాం. లోపలి నరం దెబ్బతింటోందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది నిలబెట్టుకోవడానికి చుక్కల మందు మానకూడదనీ చెప్పారాయన. ఇంటికొచ్చాక ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. రాత్రి అన్నాలయ్యాక నన్ను పిలిచి, "అమ్మాయ్, నువ్వు చిన్నప్పుడు బొమ్మలు వేసేదానివటగా. మా ఇల్లు ఒక్కసారి వేసి చూపించవే. నేను చెబుతుంటా, నువ్వు వెయ్యి" అన్నారు.

ఇంటర్ దాకా నేను బొమ్మలు వేసిన మాట నిజమే. పెళ్లయ్యాక వాకిట్లో ముగ్గు తప్ప మరేమీ వేసిందాన్ని కాదు. అయినా కాదనలేకపోయాను.

అట్ల మీద చారల్లాంటి ఆకాశం

పెన్సిలు బొమ్మ బాగానే కుదిరింది. తాటాకు ఇల్లు, మట్టి అరుగు, ముందు పంట కాలువ, గట్టు మీద రెండు కొబ్బరిచెట్లు. "మా ఊళ్లో ఇంటికంటే ఆకాశమే పెద్దదే" అన్నారు అత్తయ్యగారు. నిజమేగా, దివిసీమలో కొండా లేదు, గుట్టా లేదు. అందుకని కాగితంలో సగానికి పైగా ఆకాశానికే వదిలాను.

అక్కడే వచ్చింది చిక్కు. అంత ఆకాశానికి అంగుళం వెడల్పు కుంచె కావాలి. ఆ కుంచె బిళ్లలో దూరదు! చిన్న కుంచెతో బిళ్లను రుద్ది రుద్ది, కాస్త నీలం తీసి, ఒక వరస పూసి, మళ్లీ కలిపేసరికి మొదటిది ఆరిపోయేది. రెండోసారి కలిపిన నీలం మొదటి నీలంలా ఉండేది కాదు. ఆరాక చూస్తే ఆకాశం నిండా అట్టు మీద చారలే. మూడు కాగితాలు పాడయ్యాయి.

దోసెల పిండి చాలకపోతే మధ్యలో ఇంకాస్త రుబ్బి పోస్తే ఎలా ఉంటుంది? మొదటి దోసె రుచి వేరు, చివరి దోసె రుచి వేరు. నీటిరంగు కూడా అంతే. ఆకాశానికి కావలసినంత రంగునీళ్లు ముందే ఒకేసారి కలిపి పెట్టుకోవాలి, పైగా కాస్త ఎక్కువే ఉండాలి. దానికి పెద్ద కుంచె పట్టే రంగు గిన్నె ఒకటి, కలుపుకోవడానికి పళ్లెం ఒకటి కావాలి.

బజారూ, వంటిల్లూ

బీసెంట్ రోడ్డు, ఏలూరు రోడ్డు తిరిగాను. మంచి రంగుల పెట్టెల్లో అరలు రెండు సైజులుంటాయట. చిన్నది హాఫ్ పాన్, సుమారు 2 మిల్లీలీటర్ల రంగు పడుతుంది. పెద్దది ఫుల్ పాన్, దానికి రెట్టింపు దాకా. ఆ పెద్దదాంట్లో కూడా నా కుంచె పట్టదు. పెద్ద అరలున్న ప్లాస్టిక్ పెట్టె ఒకటి కొన్నాను. మూత సరిగా పడలేదు. రంగు కలిపితే తామరాకు మీద నీళ్లలా బొట్లు బొట్లుగా విడిపోయింది. ఆ బొట్లు పోవాలంటే కొత్త ప్లాస్టిక్‌ని పళ్లపొడితో గరుగ్గా తోమాలని తర్వాత తెలిసింది.

ఇక వంటింట్లో పడ్డాను. గుంట పునుగుల పెనం తీశాను. నల్లటి అడుగులో నీలమేదో ఆకుపచ్చేదో తెలియలేదు. స్టీలు అరల కంచంలో రంగు బూడిదగా కనపడింది. ఇడ్లీ ప్లేటుకి చిల్లులు! మావారు పేపరు చాటునుంచి, "ఆకాశానికి గిన్నె దొరికిందా?" అని ఒకటే నవ్వు.

పెడనలో తెలిసిన కిటుకు

ఈలోగా బంధువుల పెళ్లికి బందరు వెళుతూ దారిలో పెడనలో ఆగాం. కలంకారీ అచ్చులు వేస్తున్నారు. చెక్క అచ్చుని రంగులో తడిసిన మెత్త మీద అద్ది గుడ్డ మీద వేస్తున్నారు. ఆ మెత్త ఉన్న తొట్టె అచ్చుకంటే వెడల్పు, కానీ లోతు తక్కువ. చూడగానే నా తప్పు తెలిసొచ్చింది. నేను పెద్ద గిన్నె అంటే లోతైన గిన్నె అనుకుంటున్నాను. రంగుకి కావలసింది వెడల్పు. లోతు ఎక్కువైతే కుంచె అంచుకి తగులుతుంది, రంగూ దండగే.

ఆలోచిస్తే పాతవాళ్లకి ఇది తెలిసిన సంగతే. మన దేశంలో సూక్ష్మచిత్రాలు వేసేవాళ్లు రంగుల్ని ఆల్చిప్పల్లో పెట్టుకునేవారు. ఆల్చిప్ప లోపల తెలుపు, వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. రంగు నింపే తగరపు ట్యూబుని జాన్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు 1841లో కనిపెట్టాడు. అంతకుముందు ఎవరి గిన్నె వాళ్లు చూసుకోవలసిందే.

బందరులో 1910లో పెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాలలో కలకత్తా నుంచి వచ్చిన ప్రమోద్ కుమార్ చటర్జీ చిత్రకళ నేర్పేవారు. అడివి బాపిరాజుగారు ఆయన శిష్యులే. కలకత్తా చిత్రకారుల వాష్ పద్ధతిలో పల్చటి రంగు పూసి, కాగితాన్ని నీళ్లలో తడిపి, మళ్లీ పూస్తారు. అలాంటి పనికి రూపాయి బిళ్లంత రంగు ఏ మూలకి?

దొరికింది!

ఇంటికొచ్చిన మర్నాడు మాగాయ సీసా ఖాళీ అయితే మూత తీసి కడుగుతున్నాను. రేకు మూత. లోపల తెల్లటి పూత. రెండున్నర అంగుళాల వెడల్పు, అరంగుళం లోతు. ఆల్చిప్ప లాంటిదే చేతిలో ఉంది! చుట్టుపక్కల ఇళ్లలో అడిగి ఏడు మూతలు పోగుచేశాను.

వీటిని ఎందులో సర్దాలా అనుకుంటుంటే అత్తయ్యగారే అటక మీది పాత స్టీలు పోపుల డబ్బా దింపించారు. లోపలి గిన్నెలు తీసేసి మూతలు పెట్టాం. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు, కొలిచినట్టు సరిపోయాయి! ఆవాలు, జీలకర్ర, మెంతులు ఉండాల్సిన చోట ఏడు రంగులు.

మీరూ చేసుకోవచ్చు. వివరంగా రాస్తున్నాను.

కావలసినవి: ఎనిమిదంగుళాల పోపుల డబ్బా 1, లోపల తెల్లపూత ఉన్న రెండున్నర అంగుళాల సీసా మూతలు 7, వాటర్ కలర్ ట్యూబులు (5 మిల్లీలీటర్లవి) రంగుకి రెండేసి, మందుల షాపులో దొరికే గ్లిజరిన్, లవంగాలు, రెండు వైపులా అంటుకునే టేపు, పింగాణీ ప్లేటు 1.

రంగులు: లెమన్ ఎల్లో, ఎల్లో ఆకర్, వెర్మిలియన్, క్రిమ్సన్, అల్ట్రామెరైన్, ప్రష్యన్ బ్లూ, బర్న్‌ట్ సియెన్నా. ఆకుపచ్చ కొననక్కర్లేదు. ప్రష్యన్ బ్లూలో లెమన్ ఎల్లో కలిపితే వరి పైరు. అల్ట్రామెరైన్‌లో బర్న్‌ట్ సియెన్నా కలిపితే వాన మబ్బు.

విధానం: మూతల్ని సబ్బుతో రెండుసార్లు కడగండి. నూనె జిడ్డు ఏమాత్రం ఉన్నా రంగు విడిపోతుంది. ఆరాక టేపుతో డబ్బాలో అంటించండి. ఒక్కో మూతలో ఒక ట్యూబు పిండి, ఒక్క చుక్క గ్లిజరిన్ వేసి, పుల్లతో కలిపి పల్చగా పరవండి. గ్లిజరిన్ ఎక్కువైతే రంగు ఎప్పటికీ ఆరదు, జాగ్రత్త. నీడలో రెండు మూడు రోజులు ఆరనిచ్చి, అప్పుడు రెండో ట్యూబు వేయండి. ఒకేసారి మందంగా పోస్తే ఆరేటప్పుడు బీటలు వారుతుంది. ఎండలో అసలు పెట్టకండి.

పని మొదలుపెట్టే ముందు ఒక్కో రంగు మీద నాలుగైదు చుక్కల నీళ్లు వేసి ఐదు నిమిషాలు వదిలేస్తే, పెద్ద కుంచె ఒక్కసారి అద్దగానే రంగు నిండుగా వస్తుంది. పింగాణీ ప్లేటులో కలుపుకోండి. 15 అంగుళాల కాగితానికి ఆకాశం వేయాలంటే రెండు మూడు టీస్పూన్ల రంగునీళ్లు కావాలి. ప్లేటు కింద ఒకవైపు మడత పెట్టిన గుడ్డ ఉంచితే రంగంతా ఒక పక్కకి చేరి కుంచెకి బాగా అందుతుంది.

ఇవి మరవకండి: నీటిరంగులో తుమ్మబంక ఉంటుంది, తడిగా మూత పెడితే బూజు పడుతుంది. వానాకాలంలో మరీనూ. పూర్తిగా ఆరాకే మూత పెట్టి, లోపల రెండు లవంగాలు వేయండి. మూతల అంచు తుప్పు పడితే మార్చేయండి. అన్నిటికన్నా ముఖ్యం, రంగులకి వాడిన డబ్బా, ప్లేటు మళ్లీ వంటింట్లోకి రాకూడదు. కొన్ని రంగుల్లో ఒంటికి పడనివి ఉంటాయి. కుంచె మొన నోట్లో పెట్టే అలవాటుంటే మానుకోవాలి.

అత్తయ్యగారి ఇల్లు

నాలుగో కాగితం మీద ఆకాశం చార లేకుండా పరుచుకుంది. పై నుంచి కిందికి ఒక్క వరసలో, మొత్తం ఐదు నిమిషాలు పట్టలేదు. మర్నాడు ఇల్లు, కాలువ, చెట్లు పూర్తి చేశాను.

అత్తయ్యగారు కాగితాన్ని కిటికీ దగ్గరకి పట్టుకెళ్లి, ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. ఏడుస్తారేమోనని భయపడ్డాను. "అరుగు ఇటుపక్క కాదే, అటుపక్క. గేదె ఏదీ? చింతచెట్టు ఏదీ? ఇంకోటి వెయ్యి" అన్నారు.

ఇప్పుడు ఐదో బొమ్మ నడుస్తోంది. ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని చెబుతుంటారు, నేను వేస్తుంటాను. పాలవాడు వచ్చే దారి, బావి, వాళ్ల నాన్నగారు పడుకునే నులక మంచం, ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పనివన్నీ ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. అల్ట్రామెరైన్ మూత అడుగు కనపడుతోంది, రేపు మరో ట్యూబు తెచ్చుకోవాలి.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్లు చూడాలనుకునే ఇల్లో, చెట్టో ఉండే ఉంటుంది. అడిగి చూడండి. ఈసారి పచ్చడి సీసా ఖాళీ అయితే మాత్రం మూత పారేయకండేం!